బ్లీచింగ్ వాసన కొలమానం కాదు: హాలోజన్ల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం పరిసరాల్లోని చేపల, రొయ్యల చెరువుల నీటిని పరీక్షించడం నా వృత్తి. హాలోజన్ల (క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వంటి మూలకాల) గురించి చెరువుగట్ల మీద నేను తరచుగా వినే మాటల్లో కొన్ని రైతుకు నేరుగా నష్టం చేసేవి కనుక, వాటిని వివరంగా రాస్తున్నాను.

అపోహ: సీడు (చేప, రొయ్య పిల్లలు) వదిలే ముందు బ్లీచింగ్ ఎంత ఎక్కువ చల్లితే నీరు అంత శుభ్రపడుతుంది.

వాస్తవం: బ్లీచింగ్ పౌడర్ నీటిలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైట్ అయాన్ రెండూ ఏర్పడతాయి గాని, సూక్ష్మజీవులను చంపే బలం ప్రధానంగా ఆ ఆమ్లానిదే. పి.హెచ్. (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 దగ్గర ఇవి ఇంచుమించు సగం సగం ఉంటాయి, 8.5కు చేరేసరికి ఆమ్లం సుమారు పదోవంతే మిగులుతుంది. పచ్చగా ఆల్గే పట్టిన చెరువులో, కిరణజన్య సంయోగక్రియ కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడం వల్ల మధ్యాహ్నానికి పి.హెచ్. పెరుగుతుంది, ఆ పైన ఎండకు హైపోక్లోరైట్ విచ్ఛిన్నమవుతుంది. అడుగు బురదలోని సేంద్రియ పదార్థమూ, అమ్మోనియా కూడా క్లోరిన్‌ను హరిస్తాయి. అందువల్ల మిట్టమధ్యాహ్నం రెండు బస్తాలు అదనంగా చల్లడాన్ని నేను ఎన్నడూ సమర్థించను.

ఘాటైన వాసన వస్తోంది కాబట్టి మోతాదు సరిపోయిందనుకోవడం కూడా పొరపాటే. ఆ వాసన చాలా సందర్భాల్లో క్లోరిన్ అమ్మోనియాతో కలిసి ఏర్పడిన క్లోరమీన్లది, వాటికి క్రిమిసంహారక శక్తి బాగా తక్కువ. స్వేచ్ఛా క్లోరిన్ (అమ్మోనియా వంటి వాటితో కలవకుండా మిగిలిన క్లోరిన్) ఉందో లేదో డి.పి.డి. అనే రసాయనాన్ని నీటిలో కలిపి చేసే పరీక్షలో వచ్చే గులాబీ రంగును బట్టి తెలుసుకోవాలి. మన తేమ వాతావరణంలో మూతి తెరిచి ఉంచిన బస్తా త్వరగా బలహీనపడుతుంది కనుక, పౌడర్‌ను కూడా పరీక్షించుకోవాలి.

అపోహ: ఉప్పునీటిలోనూ, మంచినీటిలోనూ పనిచేసేది ఒకే క్లోరిన్.

వాస్తవం: నాకు అత్యంత ఆసక్తి కలిగించే విషయం ఇదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది, సముద్రపు పోటు తగిలే ఉప్పుటేరు నీటిలోనూ ఉప్పదనాన్ని బట్టి కొంత ఉంటుంది. క్లోరిన్ బ్రోమిన్ కన్నా బలమైన ఆక్సీకారిణి కావడం వల్ల బ్రోమైడ్‌ను ఆక్సీకరిస్తుంది. పొటాషియం బ్రోమైడ్ ద్రావణంలో క్లోరిన్ నీరు పోస్తే నారింజ రంగు రావడం విద్యార్థులందరూ చూసినదే. చెరువులో ఇలా బ్రోమైడ్ నుంచి ఏర్పడే హైపోబ్రోమస్ ఆమ్లం పి.హెచ్. 8.5 వద్ద కూడా సగానికి పైగా ఆమ్లరూపంలోనే నిలుస్తుంది. కాబట్టి ఒకే మోతాదుకు ఉప్పునీటి చెరువు, కాలువ నీటి చెరువు వేర్వేరుగా స్పందించడంలో వింత లేదు.

అయోడైజ్డ్ ఉప్పు గంజిలో వేస్తే నీలిరంగు రాలేదు కనుక కల్తీ అని కొందరు అనుమానిస్తారు. ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్. ఆమ్లం, అయోడైడ్ రెండూ చేరి దాని నుంచి అయోడిన్ విడుదలైతేనే గంజి నీలంగా మారుతుంది.

ఇక ప్రాణాపాయం తెచ్చే అపోహ ఒకటుంది: బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే మరకలు త్వరగా వదులుతాయని. అలా కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కావడం వల్ల నేలబారుగా పరుచుకుంటుంది; మూసి ఉన్న గదిలో వంగి నేల తోమేవారి ముఖానికే ముందుగా తగులుతుంది.