అరవై గారెలు, ఇరవై నాలుగు విస్తళ్లు

కొత్త హెచ్‌డీ టీవీలో డిస్కు వేస్తే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ గుంజుకుంటూ పోతోంది, డిస్కు పాడైనట్టా? గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ప్రశ్న ఇది.

ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయి, బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరితే డిస్కు మీద గీత ఉన్నట్టు. మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి. గుండ్రంగా తుడిస్తే కొత్త గీత ట్రాక్ వెంటే పడి, పక్కపక్కనున్న సమాచారమంతా ఒకేసారి పోతుంది. అంత పోతే ప్లేయర్ సరిదిద్దుకోలేదు. ఏ డిస్కు వేసినా ఆగుతుంటే లెన్సు మీద దుమ్ము చూసుకోవాలి. అలా కాకుండా ఎక్కడా ఆగకుండా, కెమెరా పక్కకి తిరిగేటప్పుడూ (ప్యానింగ్), చివర్లో పేర్లు పైకి జరిగేటప్పుడూ మాత్రమే ఒక లయలో తడబడుతుంటే డిస్కు బాగానే ఉంది. తేడా వడ్డనలో ఉంది.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. తెర సెకనుకి 60 సార్లు మారుతుంది, దాన్నే 60 హెర్ట్జ్ అంటారు. (డిస్కులో కచ్చితంగా 23.976, తెర మీద 59.94; నిష్పత్తి అదే.) అంటే బంతిలో 24 విస్తళ్లు, బేసిన్లో 60 గారెలు. తలా రెండున్నర రావాలి, గారె తుంచకూడదు. అందుకని ఒకరికి 3, పక్కవారికి 2, మళ్లీ 3, మళ్లీ 2. మూడు పడ్డ ఫ్రేము 50 మిల్లీసెకన్లు నిలుస్తుంది, రెండు పడ్డది 33.3 మాత్రమే. నిజానికి ప్రతిదీ 41.7 ఉండాలి.

ఇంతమాత్రానికి ఏం కొంప మునిగింది? ప్రకాశం బ్యారేజీ మీదుగా కెమెరా తిరుగుతోంది, ఒక స్తంభం 1920 పిక్సెళ్ల తెరని 4 సెకన్లలో దాటుతోంది అనుకోండి. సెకనుకి 480 పిక్సెళ్లు. కన్ను ఆ వేగంతోనే వెంబడిస్తుంది. ఫ్రేము విడిచి ఫ్రేము 8.3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది కనుక స్తంభం కన్ను ఎదురుచూసిన చోటికి 4 పిక్సెళ్లు వెనకబడుతుంది. 43 అంగుళాల టీవీలో అది 2 మిల్లీమీటర్లు, సెకనుకి 12 సార్లు. కదలని సీన్లో ఈ తేడా కంటికి ఆనదు.

120 హెర్ట్జ్ టీవీ అయితే తలా 5 గారెలు, పేచీ లేదు. 24కీ 60కీ క.సా.గు. 120 మరి. బళ్లో క.సా.గు. చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎందుకు ఇవ్వరో! బ్లూరే ప్లేయర్ మెనూలో 24పీ అవుట్‌పుట్‌ని (సెకనుకి 24 ఫ్రేములనీ అలాగే పంపేది) ఆటోలో పెట్టి, సినిమా నడుస్తుండగా టీవీ రిమోట్‌లో ఇన్ఫో నొక్కండి. 1080పీ, 24 హెర్ట్జ్ అని కనపడాలి. తెర 60 హెర్ట్జ్‌దే అయితే మాత్రం ఈ మార్పుతో పెద్దగా ఒరిగేదుండదు. ఆ 3, 2 వడ్డన ప్లేయర్ మానేస్తే టీవీ చేస్తుంది.

డీవీడీలతో ఇంకో తంటా. టీవీ పద్ధతులు రెండు: ఎన్‌టీఎస్‌సీ, పాల్. మన సినిమా డీవీడీల్లో చాలావరకు ఎన్‌టీఎస్‌సీవి, సెకనుకి 60 ఫీల్డులు (గీత విడిచి గీత ఉండే సగం బొమ్మలు). ప్లేయర్ సెటప్‌లో టీవీ సిస్టమ్ పాల్ అని ఉంటే అవి సెకనుకి 50 ఫీల్డులకి కుదించాలి. చవక ప్లేయర్ ప్రతి ఆరో గారె తీసేసిందనుకోండి, వడ్డన ఇలా తేలుతుంది: 3, 2, 2, 2, 2, 2, 2, 2, 3, 1, 3, 1. ఏడు విస్తళ్లు సాఫీగా, తర్వాత గందరగోళం, అరసెకనుకోసారి. టీవీ సిస్టమ్‌ని ఆటో లేదా మల్టీకి మార్చితే ఇది పోతుంది. అసలైన పాల్ డిస్కులో ఈ గొడవే లేదు. సినిమాని 25 ఫ్రేములకి తోలేస్తారు, తలా రెండు. రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, అంతే.

టీవీ మెనూలో ఉండే ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటివి లేని ఫ్రేములని లెక్కగట్టి మధ్యలో అతికిస్తాయి. కుదుపు తగ్గుతుంది, సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. నన్నడిగితే ఆపేసి, రియల్ సినిమా, సినిమోషన్, ఫిల్మ్ మోడ్‌లలో మీ టీవీలో ఏది ఉంటే అది ఆన్ చేయండి. బంగారు పూత హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ కొంటే తగ్గుతుందన్నది దిష్టి గుమ్మడికాయ లాంటి నమ్మకం. కేబుల్ చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మే పోతుంది. 3, 2 మారదు.

పెళ్లి డీవీడీలో మనుషులు ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తూ వణుకుతుంటే ఫీల్డ్ ఆర్డర్ (ఫీల్డులు వచ్చే వరస) తిరగబడింది: 1, 2, 3, 4 అని రావలసినవి 2, 1, 4, 3 అని వస్తున్నాయి. డీవీ టేపు (పాత డిజిటల్ వీడియో క్యాసెట్) మీద తీసింది లోయర్ ఫీల్డ్ ఫస్ట్ (కింది గీతల ఫీల్డు ముందు), హెచ్‌డీ ఇంటర్‌లేస్డ్ (ఫీల్డులుగా తీసిన హెచ్‌డీ) అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ (పై గీతలది ముందు). టీవీలో ఎన్ని మార్చినా లాభం లేదు. ఎడిటింగ్ చేసినవారి దగ్గర అసలు ఫుటేజీ ఇంకా ఉంటే ఆర్డర్ సరిచేసి మళ్లీ రెండర్ చేయించుకోవాలి.