మూడేళ్ల గీత ఎవరు గీశారు?

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులు, మందుల దుకాణాలు ఆనుకుని ఉన్న వీధుల్లో ఒక పాత వాదన మళ్లీ మొదలైంది. కడుపులోనో చిన్నపేగులోనో గడ్డ తీయించుకుని, అది తిరగబెట్టకుండా రోజూ 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నవారి గురించే ఆ వాదన. మూడేళ్లు నిండగానే ఒక డాక్టరు ఇక చాలంటారు. అదే ఫైలు పట్టుకుని చెన్నై వెళితే ఇంకొకరు ఆపవద్దంటారు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చినవారికి ఇద్దరూ పెద్ద డాక్టర్లే. ఎవరి మాట వినాలో తెలియక, మరో నెలకు సరిపడా మాత్రలు కొనుక్కుని ఇంటికి వెళ్తారు.

ఈ గడ్డ పేరు జిస్ట్, ఒక రకం క్యాన్సర్. జీర్ణకోశం గోడలోని కణాల్లో, ఎక్కువ మందిలో కిట్ అనే జన్యువు దెబ్బతిని పుడుతుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను ఇమాటినిబ్ అడ్డుకుంటుంది. రక్త క్యాన్సర్‌కు తెచ్చిన మందు 2000లో ఫిన్లండ్‌లో ఒక జిస్ట్ రోగి మీద పనిచేసిన కథ చాలాసార్లు రాసిందే, ఇక్కడ మళ్లీ చెప్పను. ఇప్పటి తగవుకు మూలం అక్కడ లేదు. అది 2007 ఏప్రిల్‌లో ఉంది.

అప్పటికి ఈ మందు గడ్డలు పాకిపోయిన రోగులకు పనిచేస్తుందని తేలిపోయింది. ఆపరేషన్‌తో గడ్డ పూర్తిగా తీసేసినవారికి ముందుజాగ్రత్తగా ఇస్తే ఏమవుతుందన్నది తేలాలి. అమెరికాలో సర్జన్లు ఒక పెద్ద పరీక్ష పెట్టారు. మూడు సెంటీమీటర్లు, అంతకు పైబడిన గడ్డ తీయించుకున్న 713 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏడాదిపాటు ఇమాటినిబ్, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. మధ్యలో లెక్కలు చూస్తే తేడా కొట్టొచ్చినట్లు కనిపించింది. ఏడాది చివరికి మందు వేసుకున్నవారిలో 98 శాతం మందికి గడ్డ తిరగబెట్టలేదు, ఉత్తుత్తి మాత్ర జట్టులో అది 83 శాతం. అంత తేడా కళ్లెదుట కనిపిస్తుంటే రెండో జట్టును అలాగే ఉంచడం న్యాయం కాదనుకున్నారు. కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు, గుట్టు విప్పారు, ఉత్తుత్తి మాత్రలవారికి అసలు మందు తీసుకునే వీలు కల్పించారు. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2009లో ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

రోగి పక్షాన అది సరైన నిర్ణయమే. కానీ ఆ రోజుతో ఒక ప్రశ్నకు జవాబు దొరికే దారి మూసుకుపోయింది. ఈ మాత్ర గడ్డను నివారిస్తోందా, వాయిదా వేస్తోందా? రెండు జట్లలోనూ మరణాలు చాలా తక్కువ. మందు వైపు ఐదు, ఉత్తుత్తి మాత్ర వైపు ఎనిమిది. ప్రాణం నిలిపిందని చెప్పడానికి ఆ అంకెలు చాలవు. పైగా ఫలితాల గీతను జాగ్రత్తగా చూస్తే, ఏడాది పూర్తయి మాత్ర ఆపిన ఆరు నెలలకు తిరగబెట్టే కేసులు పెరగడం కనిపిస్తుంది. మందు ఉన్నంతకాలం మిగిలిపోయిన కణాలు నిద్రపోతున్నాయి, ఆపగానే లేస్తున్నాయి. ఏడాది చాలదని అక్కడే తెలిసిపోయింది. ఎంతకాలం చాలుతుందో మాత్రం ఆ పరీక్ష చెప్పలేకపోయింది. ఇవాళ పొగతోటలో జరుగుతున్న వాదన ఆ చెప్పలేకపోయిన దాని మీదే.

అప్పట్లో మన జిల్లాల్లో ఈ ప్రశ్న అడిగే స్థితి కూడా లేదు. నోవార్టిస్ కంపెనీ గ్లీవెక్ పేరుతో అమ్మే ఇదే మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. 2003లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో వీనాట్ పేరుతో చౌక రకం తెచ్చింది. అదే ఏడాది నవంబరులో నోవార్టిస్‌కు ప్రత్యేక మార్కెటింగ్ హక్కులు దక్కాయి, కొన్ని దేశీయ కంపెనీల మాత్రలకు కోర్టు ఉత్తర్వులు అడ్డుపడ్డాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ కార్యాలయం నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును తిరస్కరించింది. పాత మందుకు కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన కొత్త పేటెంటు రాదన్న, పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) వాదన చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో నిలిచింది. నెలకు ఎనిమిది, పది వేలకు దొరికే మాత్రకు అప్పుడు ధీమా వచ్చింది. కంపెనీ ఉచితంగా మందు ఇచ్చే పథకం అంతకుముందు నుంచీ ఉంది, దాని వల్ల బతికినవారూ ఉన్నారు. అయినా ఇచ్చే చేయి ఎప్పుడు వెనక్కి పోతుందో తెలియనప్పుడు ఎన్నేళ్లు వేసుకోవాలని ఎవరూ అడగరు. కొనగలిగిన తర్వాతే ఆ ప్రశ్న పుడుతుంది.

సరిగ్గా ఆ సమయానికే ‘మూడేళ్లు’ అన్న మాట స్థిరపడింది. ఫిన్లండ్, జర్మనీ, నార్వే, స్వీడన్ దేశాల డాక్టర్లు, గడ్డ తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న 400 మందిని తీసుకుని సగం మందికి ఏడాది, సగం మందికి మూడేళ్లు మందు ఇచ్చి చూశారు. ముప్పు ఎక్కువంటే గడ్డ పది సెంటీమీటర్లు దాటడం, కణాలు వేగంగా విభజన చెందుతూ ఉండటం, లేదా గడ్డ పొట్టలోనే చిట్లిపోవడం వంటివి. 2012లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లకు గడ్డ తిరగబెట్టనివారు మూడేళ్ల జట్టులో 65.6 శాతం, ఏడాది జట్టులో 47.9 శాతం. ప్రాణాలతో ఉన్నవారు 92, 81.7 శాతం. పదేళ్ల తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది: 79, 65.3 శాతం. ప్రాణం నిలుస్తుందని మొదటిసారి గట్టిగా చెప్పిన పరీక్ష ఇదే.

ఇక్కడే ఒక పొరపాటు అవగాహన పాతుకుపోయింది. ఆ పరీక్షలో మూడేళ్లను పోల్చింది ఏడాదితో. నాలుగేళ్లతో కాదు, ఐదేళ్లతో కాదు. మూడేళ్లు ఏడాది కన్నా మేలని తేలిందే తప్ప, మూడేళ్లకు పని పూర్తవుతుందని తేలలేదు. పరీక్ష పెట్టినవారు ఎంచుకున్న రెండు గడువుల్లో పెద్దది మూడేళ్లు కాబట్టి ఆ అంకె మార్గదర్శకాల్లోకి ఎక్కింది, అక్కడి నుంచి మన ఊళ్లలోని చీటీల మీదకు దిగింది. ఆ జట్టులోనూ మూడేళ్లు నిండి మాత్ర ఆపాక తిరగబెట్టే కేసులు మళ్లీ పెరిగాయి. మొదటి అమెరికా పరీక్షలో కనిపించిన గీతే రెండేళ్లు పక్కకు జరిగి మళ్లీ కనిపించింది.

ఆపమనేవారి దగ్గరా ఆధారం ఉంది. యూరప్‌లో 900కు పైగా రోగుల మీద జరిగిన మరో పరీక్షలో రెండేళ్లు మందు ఇచ్చినవారికీ, ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉన్నవారికీ ఆ పరీక్ష పెట్టుకున్న ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తిరగబెట్టాక మొదలుపెట్టినా మందు పనిచేస్తుంది కదా అన్నది వారి తర్కం. ఏళ్ల తరబడి మింగడం తేలిక కాదు కూడా. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, విరేచనాలు, నీరసం. మూడేళ్ల జట్టులో తీవ్రమైన ఇబ్బందులు 32.8 శాతం మందికి వచ్చాయి. ముప్పు తక్కువ ఉన్నవారికి అసలు ఈ మాత్రే అక్కరలేదన్న విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు.

కొనసాగించమనేవారి చేతిలో మొదట ఉన్నది 2018 నాటి అమెరికా పరీక్ష. 91 మందికి ఐదేళ్లు ఇవ్వాలన్నది ప్రణాళిక. మాత్ర వేసుకుంటుండగా గడ్డ తిరగబెట్టింది ఒక్కరికే, అదీ ఈ మందుకు లొంగని డి842వి అనే జన్యుమార్పు ఉన్న వ్యక్తికి. ఆపిన తర్వాత తిరగబెట్టింది ఆరుగురికి. కాకపోతే దాదాపు సగం మంది ఐదేళ్లు పూర్తి చేయలేకపోయారు, పోల్చడానికి రెండో జట్టూ లేదు. ఆ లోటు కొంత తీర్చింది 2024లో అచ్చయిన ఫ్రెంచి పరీక్ష. మూడేళ్లు పూర్తయిన, ముప్పు ఎక్కువ ఉన్న 136 మందిలో కొందరికి ఆపి, కొందరికి ఆరేళ్ల దాకా కొనసాగించారు. కొనసాగించినవారిలో తిరగబెట్టే ప్రమాదం స్పష్టంగా తగ్గింది. ఆయుష్షు పెరిగిందని చెప్పడానికి 136 మంది చాలరు, నిజమే. కానీ ఆపమని చెప్పడానికి మూడేళ్ల అంకెను సాక్ష్యంగా చూపించేవారు ఆ అంకె ఎలా వచ్చిందో కూడా రోగికి చెప్పాలి కదా.

ఒంగోలు, నెల్లూరు రోగులకు అసలు చిక్కు ఇంకో చోట ఉంది. ఎవరు ఆపాలి, ఎవరు కొనసాగించాలి అన్నది రెండు కాగితాల మీద ఆధారపడుతుంది. ఒకటి ఆపరేషన్ వివరాలు. గడ్డ చిట్లిందా, చెక్కుచెదరకుండా బయటికి వచ్చిందా అన్న ఒక్క వాక్యం. డిశ్చార్జి కాగితంలో ‘గడ్డ తొలగించడమైనది’ అని మాత్రమే ఉంటే, మూడేళ్ల తర్వాత ఏ డాక్టరూ ముప్పు లెక్క సరిగా కట్టలేరు. రెండోది జన్యు పరీక్ష. కిట్ జన్యువులోనా, పీడీజీఎఫ్ఆర్ఏ అనే మరో జన్యువులోనా, ఏ భాగం దెబ్బతిన్నదో తెలిస్తే మందు ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది. పీడీజీఎఫ్ఆర్ఏలో వచ్చే డి842వి మార్పు ఉన్న మనిషి మూడేళ్లు మింగినా ముప్పై ఏళ్లు మింగినా ప్రయోజనం లేదు. ఆపరేషన్ చేసిన చోట మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క, అంటే బ్లాకు, ఉంటే ఏళ్ల తర్వాత కూడా ఆ పరీక్ష చేయించవచ్చు. అడిగి తెచ్చుకోవాలని ఎవరైనా చెబితే కదా.

ఒకవేళ ఆపితే, ఆపిన తర్వాతి ఏడాదే అసలు గండం. మూడు నాలుగు నెలలకోసారి సీటీ స్కాన్ తీయించాల్సింది అప్పుడే. జరిగేది మాత్రం తలకిందులు. మందు నడుస్తున్నన్నాళ్లు చీటీ కోసమైనా వస్తారు. మందు ఆగితే జబ్బు నయమైందనుకుని రావడం మానేస్తారు. ఆపమని రాసే చీటీలోనే తర్వాతి నాలుగు స్కాన్ల తేదీలు కూడా రాయడానికి ఏ పథకం అనుమతీ అక్కరలేదు.