బొబ్బట్లు బిరుసెక్కేది ఎక్కడ? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

కోనసీమలో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద బొబ్బట్లు చేసి ఇస్తుంటాను. ఉగాది దగ్గర పడిందంటే ఫోన్లలో ఆర్డర్లు సగం, సందేహాలు సగం. "ఏ కంపెనీ పిండి వాడతారండీ, మావి మధ్యాహ్నానికే అట్టముక్కలైపోతున్నాయి" అని. పిండి కంపెనీది తప్పేం లేదండీ. నీళ్లు, నానే టైము, మంట, ఈ మూడింట్లోనే ఉంటుంది ఎక్కువ సార్లు.

అపోహ: మైదాని కర్రపెండలంతో చేస్తారు.

మన వైపు ఈ మాట గట్టిగా పాతుకుపోయింది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులుండటం, వాటికి కర్రపెండలం వెళ్లడం అందరూ చూసిందే, అందుకే అలా అనుకుంటారేమో. మైదా గోధుమే. పొట్టు, మొలక తీసేసి లోపలి తెల్లటి భాగాన్ని మెత్తగా ఆడిస్తారు. కర్రపెండలం పిండిలో గ్లూటెన్ (గోధుమపిండికి సాగే గుణమిచ్చేది) ఉండదు, దాన్ని తడిపి లాగితే సాగదు, తెగుతుంది. ఇక ఒంటికి మంచిదా అంటే, పీచు తీసేసిన పిండి, రోజూ తినేది కాదు. పండక్కి పర్లేదు.

అపోహ: గోధుమపిండితో మెత్తగా రావు.

వస్తాయి. పొట్టు నీళ్లు ఎక్కువ తాగుతుంది, పైగా నెమ్మదిగా తాగుతుంది, కాబట్టి మైదాకి పోసినన్ని నీళ్లే పోసి అరగంటలో ఒత్తేస్తే బిరుసే. చేతికి కొంచెం అంటుకునేంత పల్చగా కలిపి, రెండు గంటలైనా మూత పెట్టి వదిలేయండి. గంటసేపు పిసికి చేతులు నొప్పి పుట్టించుకోవడం దేనికి, నానితే పిండి అదే సాగుతుంది. నూనె చివర్లో, పిండి మునిగేలా కాకపోయినా పైన బాగా పట్టేలా పోయండి. పొడిపిండిలోనే నూనె దట్టంగా కలిపేస్తే కజ్జికాయలా కరకరలాడుతుంది. వంటసోడా అసలు అక్కర్లేదు.

అపోహ: బొబ్బట్టు చిరిగిందంటే పైపిండి బాలేదు.

నన్నడిగితే ముందు పూర్ణం చూడమంటాను. నలగని పప్పు బద్ద ఒక్కటున్నా, యాలకుల తొక్క ముక్క ఉన్నా అక్కడే చిల్లు పడుతుంది. శనగపప్పు నానబెట్టి, వేలితో నొక్కితే నలిగేలా ఉడికించాలి, జావలా కాకూడదు. ఉడికిన నీళ్లు పూర్తిగా వార్చేయండి (పారబోయకండి, ఆ కట్టుతో చారు పెడితే బొబ్బట్ల కంటే ముందు అదే అయిపోతుంది). వేడి మీదే మెత్తగా మెదిపి, అప్పుడు బెల్లం. పప్పు ఉడక్కముందే బెల్లం వేస్తే ఇక సరిగ్గా ఉడకదు. బెల్లం వేయగానే పల్చబడుతుంది, కంగారుపడి పిండి కలపొద్దు, అడుగంటకుండా తిప్పుతూ గిన్నె అంచులు వదిలేదాకా ఉంచితే చాలు, చల్లారాక ఇంకా బిగుస్తుంది. కొందరు విడిగా ముదురు పాకం పట్టి మరీ కలుపుతారు, చల్లారాక పూర్ణం రాయవుతుంది. చివరికి పూర్ణం, పైపిండి రెండూ చెవితమ్మె అంత మెత్తగా, ఒకేలా ఉండాలి. ఒకటి గట్టిగా, ఒకటి జారుగా ఉంటే ఎవరు ఒత్తినా చిరుగుతుంది.

తెల్లగా మెరిసే బెల్లమే మంచిదనుకోవడం కూడా అపోహే. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలపడం మామూలు. నేను ముదురు రంగుదే తీసుకుంటాను.

అపోహ: సన్నమంట మీద నిదానంగా కాలిస్తే మెత్తగా ఉంటాయి.

సరిగ్గా తిరగబడిన మాట. సన్నమంట మీద ఎక్కువసేపు ఉంటే తడంతా ఎగిరిపోతుంది. పెనం బాగా కాలాక మంట మధ్యస్థంగా ఉంచి వేయండి, మచ్చలు పడగానే తిప్పండి, అట్లకాడతో అదమకండి. తీసిన వెంటనే నెయ్యి రాసి, ఒకదాని మీద ఒకటి పెట్టి గుడ్డ కప్పేయండి, ఆ ఆవిరికే మెత్తబడతాయి.

అప్పడాల కర్ర కావాలా? అక్కర్లేదు. మనకి అరటాకులకు కరువా ఏంటి, లేతాకుని సెగకి చూపిస్తే చీలదు, నూనె రాసి వేళ్లతో ఒత్తి ఆకుతో సహా పెనం మీదికి తిప్పేయడమే. పాలకవర్ మీద ఒత్తేవాళ్లు మాత్రం దాన్ని వేడి పెనానికి ఆనించకండి.

మర్నాటికి ఫ్రిజ్‌లో పెడితే మెత్తగా ఉంటాయనేవాళ్లకి: ఫ్రిజ్ చలికి పిండి ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. శనగపప్పువి మర్నాటి దాకా బయటే మూత పెట్టి ఉంచండి. పచ్చికొబ్బరివి మన ఉక్కపోతకి ఆగవు, మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టి, తినేముందు కాస్త నెయ్యి వేసి పెనం మీద వేడి చేసుకోండి.