యంగ్ ప్రొఫెషనల్స్ వీసా: 2,530 పౌండ్ల మీద అపోహలు - వాస్తవాలు

ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అంటే మన యువత రెండేళ్లు యూకేలో ఉండి పనిచేసుకునే వీసా. దాని బ్యాలెట్‌లో (లాటరీ లాంటి ఎంపికలో) పేరు వచ్చినవాళ్లు ఫైలు పట్టుకొస్తే నేను ముందు తీసేది బ్యాంకు స్టేట్‌మెంటే. ఈ వీసాకు సొంత ఖాతాలో 2,530 పౌండ్లు ఉన్నట్టు చూపించాలి. వయసు 18 నుంచి 30 మధ్య ఉందా, డిగ్రీ ఉందా అన్నది నిమిషంలో తేలిపోతుంది. చిక్కంతా డబ్బు కాగితాల దగ్గరే. చాలామందికి డబ్బు లేక కాదు, ఉన్న డబ్బును వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్ అడిగిన తీరులో చూపించక ఇబ్బంది వస్తోంది. అందుకే రోజూ వినే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అప్లై చేసే రోజు ఖాతాలో డబ్బుంటే చాలు.

వాస్తవం: చాలదు. 2,530 పౌండ్లకు సరిపడా రూపాయలు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ 28 రోజుల్లో ఏ ఒక్క రోజు కూడా బ్యాలెన్స్ అంతకంటే తగ్గకూడదు. ఆ 28వ రోజు, మీరు అప్లై చేసే తేదీకి ముందు 31 రోజుల లోపల ఉండాలి.

తేదీలతో చూద్దాం. మీ స్టేట్‌మెంట్ జూన్ 30తో ముగిసిందనుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే జూన్ 3 నుంచి 30 దాకా ప్రతి రోజూ ఆ బ్యాలెన్స్ నిలవాలి. ఆ స్టేట్‌మెంట్‌తో జూలై 31 లోగా అప్లై చేయాలి. మధ్యలో జూన్ 10న ఈఎంఐ ఆటో డెబిట్ అయి బ్యాలెన్స్ కిందికి దిగింది, మర్నాడు జీతం పడి మళ్లీ పెరిగింది. నెలంతా డబ్బున్నట్టే అనిపిస్తుంది, కానీ లెక్క జూన్ 11న ఒకటో రోజుతో కొత్తగా మొదలవుతుంది. జూలై 8 దాకా ఆగాల్సిందే. కాబట్టి స్టేట్‌మెంట్‌లో కుడివైపు చివరన ఉండే బ్యాలెన్స్ కాలమ్ మీద వేలు పెట్టుకుని పైనుంచి కిందికి చదవండి. అందులో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ అసలు బ్యాలెన్స్. వీలైతే ఈ డబ్బును యూపీఐ, ఈఎంఐలు ఏవీ లింకు కాని ఖాతాలో ఉంచండి.

అపోహ: డబ్బు వేసిన రోజు పౌండు రేటు ప్రకారం సరిపోయింది కదా!

వాస్తవం: హోమ్ ఆఫీస్ చూసేది మీరు అప్లై చేసిన రోజు రేటు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టిన తేదీయే అప్లై చేసిన తేదీ. రేటు ఓఆండా వెబ్‌సైట్ నుంచి తీసుకుంటారు. పౌండు 115 రూపాయలు ఉన్నప్పుడు 2,530 పౌండ్లంటే 2,90,950 రూపాయలు. మీరు 2,95,000 వేసి నిశ్చింతగా ఉన్నారు. అప్లై చేసే రోజుకు పౌండు 118 అయితే కావాల్సింది 2,98,540. అంటే 28 రోజులూ డబ్బు తక్కువే ఉన్నట్టు లెక్క. అప్పుడు సర్దుకోవడానికి దారి ఉండదు. నా సలహా, పది శాతమైనా ఎక్కువ వేసుకోండి.

అపోహ: ఫీజులు కూడా ఆ 2,530లోనే వస్తాయి.

వాస్తవం: రావు. వీసా ఫీజు వేరు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్ వేరు. సర్‌చార్జే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకు 1,552. స్టేట్‌మెంట్ తేదీలు పూర్తికాకముందే అదే ఖాతా నుంచి ఏదైనా కట్టేస్తే బ్యాలెన్స్ పడిపోతుంది, జాగ్రత్త.

అపోహ: పొలం, బంగారం, షేర్లు ఉన్నాయి. సీఏ సర్టిఫికెట్ పెడితే నడుస్తుంది.

వాస్తవం: ఈ వీసాకు నడవదు. వెంటనే తీసుకోగలిగిన డబ్బే లెక్కలోకి వస్తుంది. అయిదేళ్లు కదపలేని ట్యాక్స్ సేవింగ్ ఎఫ్‌డీ కూడా అంతే. మామూలు ఎఫ్‌డీ అయితే ముందుగానే బ్రేక్ చేసి సేవింగ్స్ ఖాతాలో వేసి, ఆ రోజు నుంచి 28 లెక్కపెట్టుకోవడం మంచిది. క్రెడిట్ కార్డు లిమిట్, ఓవర్‌డ్రాఫ్ట్ అసలు పనికిరావు.

బ్యాంకు ఇచ్చే బ్యాలెన్స్ సర్టిఫికెట్ మీద కూడా చాలామందికి నమ్మకం ఎక్కువ. అది సాధారణంగా ఒక్క రోజు అంకె చెబుతుంది. 28 రోజుల కథ చెప్పాల్సింది స్టేట్‌మెంట్. దాని మీద మీ పేరు, ఖాతా నంబరు, బ్యాంకు పేరు, లోగో, తేదీలు స్పష్టంగా కనిపించాలి.

అపోహ: నాన్న ఖాతా స్టేట్‌మెంట్ పెట్టొచ్చు.

వాస్తవం: తల్లిదండ్రుల ఖాతా చూపించే వెసులుబాటు స్టూడెంట్ వీసాలో ఉంది, ఇక్కడ లేదు. ఖాతా మీ పేరున ఉండాలి, జాయింట్ ఖాతా అయినా పర్లేదు. నాన్నగారు ఇవ్వదలిస్తే 28 రోజులు మొదలవకముందే మీ ఖాతాకు పంపమనండి.

అపోహ: నెల రోజులకు వడ్డీకి డబ్బు తెచ్చి చూపిస్తే ఎవరికీ తెలియదు. లేదంటే ఏజెంటే స్టేట్‌మెంట్ తయారుచేసి ఇస్తాడు.

వాస్తవం: దయచేసి ఈ దారిలో వెళ్లకండి. వడ్డీకి తెచ్చిన ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే మీ దగ్గర చెప్పగలిగిన నిజం ఉండదు. దొంగ స్టేట్‌మెంట్ అయితే ఇంకా ఘోరం. అధికారులు నేరుగా బ్యాంకుతోనే సరిచూసుకోగలరు. మోసం అని తేలితే ఈ వీసా పోవడంతో ఆగదు, పదేళ్ల దాకా యూకే దారి మూసుకుపోవచ్చు. పాతికేళ్ల పిల్లలకు అది ఎంత పెద్ద శిక్షో ఏజెంటు చెప్పడు. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఈసారికి ఆగి, కూడబెట్టుకుని తర్వాతి బ్యాలెట్‌కు పేరు ఇవ్వండి. బ్యాలెట్‌కు ఫీజు లేదు.

అపోహ: ఉద్యోగం ఇచ్చే కంపెనీ హామీ ఇస్తే డబ్బు చూపించక్కర్లేదు.

వాస్తవం: ఇది వేరే వీసాల సంగతి. స్పాన్సర్ (మిమ్మల్ని పనికి పిలిచే యూకే సంస్థ) ఉండే టెంపరరీ వర్క్ వీసాలకు చూపించాల్సింది 1,270 పౌండ్లు. హోమ్ ఆఫీస్ ఇచ్చే ఏ-రేటింగ్ ఉన్న స్పాన్సర్ మొదటి నెల ఖర్చు తాము చూసుకుంటామని సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌లో రాస్తే అదీ అక్కర్లేదు. యంగ్ ప్రొఫెషనల్స్ వీసాకు స్పాన్సరే ఉండరు కాబట్టి ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా 2,530 చూపించాల్సిందే.