సాలభంజిక అంటే బొమ్మేనా?

విక్రమార్కుడి కథలు విన్నవాళ్లకి సాలభంజిక అనగానే సింహాసనం మెట్ల మీంచి భోజరాజుని నిలదీసే బొమ్మ గుర్తొస్తుంది. గుళ్లో స్తంభానికి ఆనుకుని వయ్యారంగా నిలబడ్డ స్త్రీ శిల్పాన్నీ అలాగే అంటాం. నిజానికి ఈ మాటలో బొమ్మా లేదు, రాయీ లేదు. సాలం అంటే ఒక చెట్టు, మన గుగ్గిలం చెట్టు. భంజనం అంటే విరవడం. శాలభంజిక అనే రాత చూసి మండపానికి ముడిపెట్టకండి, అక్కడా చెట్టే.

మొదట అదొక ఆట పేరు. పాణిని వ్యాకరణ సూత్రాలకి వ్యాఖ్య అయిన కాశికావృత్తి దీన్ని తూర్పుదేశాల వాళ్ల ఆటల్లో చేర్చింది. బౌద్ధ కథల సంపుటి అవదానశతకంలో శ్రావస్తి నగర జనం సాలపూలు కోసుకుని ఆడుకునే పండగకి ఇదే పేరు. ఆట పేరు ఆడే అమ్మాయికీ, ఆమె పేరు శిల్పానికీ వచ్చాయి.

మధ్యప్రదేశ్‌లోని సాంచీ బౌద్ధ స్తూపం తూర్పు తోరణం దగ్గర తలెత్తి చూడండి. స్తంభమూ అడ్డదూలమూ కలిసే మూలలో, క్రీ.పూ. 1వ శతాబ్దపు యక్షిణి కొమ్మ పట్టుకుని ఒళ్లంతా బయటికి వాల్చి ఉంటుంది. పైన గుత్తులుగా వేలాడేవి మామిడికాయలు! చెట్టు మారిపోయినా పేరు మారలేదు. అదే స్తూపం దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడి దానశాసనం ఉంది, అంటే మన శాతవాహనులకీ ఈ చోటుతో చుట్టరికం ఉన్నట్టే.

1213 నాటి రామప్ప గుడికొచ్చేసరికి కొమ్మ విరిచే పనే పోయింది. పాములు చుట్టుకున్న నాగిని, ఎత్తుమడమల చెప్పులేసుకున్న యువతి, వీళ్లని మదనికలంటాం. స్తంభానికీ చూరుకీ మధ్య ఏటవాలుగా నిలిచే తీరు మాత్రం సాంచీదే. గుడి గోడలది ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలది నల్లటి డోలరైట్. ఇసుకరాయిలో రేణువుల్ని పట్టి ఉంచేది మధ్యలోని అతుకుపదార్థం, అది వదిలితే అంచు రాలిపోతుంది. డోలరైట్ కరిగిన శిల చల్లారగా పుట్టింది, దాని సన్నని స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. ఉలికి లొంగడం కష్టం, లొంగాక మాత్రం హారంలో పూసకీ పూసకీ మధ్య సందు కూడా ఎనిమిది వందల ఏళ్లు నిలుస్తుంది.