విరాళాల జాబితా నుంచి రాయబారి కుర్చీకి

అమెరికా కాంగ్రెస్ 1980లో చేసిన ఫారిన్ సర్వీస్ చట్టం 304వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. ఎన్నికల ప్రచారానికి ఇచ్చిన విరాళాన్ని రాయబారి నియామకంలో లెక్కలోకి తీసుకోకూడదన్నది దాని సారాంశం. రాయబారి పదవులు మామూలుగా కెరీర్ దౌత్యవేత్తలకే దక్కాలని, వెళ్లే దేశపు భాష, చరిత్ర, సంస్కృతి తెలిసినవారినే పంపాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. రీగన్ మొదలుకొని ఆ తర్వాత వచ్చిన ప్రతి అధ్యక్షుడూ, ఏ పార్టీ వాడైనా, తన కోసం డబ్బు పోగుచేసినవాళ్లలో కొందరిని ఐరోపా రాజధానులకు రాయబారులుగా పంపాడు. ఒక్కరి మీదా కేసు నడవలేదు. ఆ వాక్యాన్ని దాటితే శిక్ష ఏమిటో చట్టంలో లేదు మరి.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చూడాలంటే వెనక్కి చాలా దూరం వెళ్లాలి. రాయబారిని అధ్యక్షుడు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి అని రాజ్యాంగం రెండో అధికరణ చెప్పింది. ఆ వ్యక్తికి ఉండాల్సిన అర్హతల గురించి ఏమీ చెప్పలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో గెలిచిన పార్టీ పదవులన్నీ తనవాళ్లకు పంచిపెట్టడం మామూలు విషయం. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన చార్లెస్ గిటో కోరిక కూడా అలాంటిదే. ఎన్నికల్లో తాను చేసిన సేవకు బదులుగా పారిస్‌లో కాన్సల్ పదవి ఇవ్వాలని వైట్‌హౌస్ చుట్టూ తిరిగి, దక్కక తుపాకీ పట్టాడు. ఆ హత్య కదిలించడంతో 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి గుమాస్తా ఉద్యోగాలకు పరీక్షలు పెట్టింది. రాయబార పదవులు మాత్రం దాని పరిధిలోకి రాలేదు. 1924 నాటి రోజర్స్ చట్టం దౌత్య, కాన్సులర్ సేవలను కలిపి, పరీక్ష రాసి పైకి వచ్చే కెరీర్ వ్యవస్థను నిర్మించింది. అయినా మెట్లలో చివరిది, అంటే రాయబారి కుర్చీ, అధ్యక్షుడి ఇష్టానికే మిగిలిపోయింది.

దీనికి డబ్బు వైపు నుంచి ఒక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా అమెరికా రాయబారి జీతం ఏడాదికి గరిష్ఠంగా 17,500 డాలర్లే. లండన్‌లోనో పారిస్‌లోనో విందులు, నౌకర్లు, ఇంటి నిర్వహణ ఆ జీతంతో సాగేవి కావు. సొంత ఆస్తి ఉన్నవాడే ఆ పదవి మోయగలడు. అలా ధనవంతులకు అలవాటైన పదవి క్రమంగా పార్టీకి ధనం తెచ్చిపెట్టినవాళ్ల హక్కులా మారింది. 1932 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్‌కు నిధులిచ్చి, సేకరించి పెట్టిన జోసెఫ్ కెనెడీ 1938లో లండన్ వెళ్లాడు. ట్రూమన్ కోసం చందాలు పోగుచేసిన పెర్ల్ మెస్టా 1949లో లక్సెంబర్గ్ వెళ్లింది. ఈ లక్సెంబర్గ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. చిన్న దేశం, సంపన్నం, సురక్షితం, పారిస్‌కు దగ్గర.

1957లో ఐసెన్‌హోవర్ సిలోన్‌కు (నేటి శ్రీలంక) మాక్స్‌వెల్ గ్లక్ అనే దుస్తుల దుకాణాల యజమానిని ప్రతిపాదించాడు. విచారణలో సెనేటర్ ఫుల్‌బ్రైట్ అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ ఈ చర్చలో ఉదాహరణలే. పార్టీకి ఎంత ఇచ్చారంటే ఇరవై, ముప్పై వేల డాలర్లు ఉండొచ్చన్నాడు. సిలోన్ ప్రధాని ఎవరంటే పేరు గుర్తు రావడం లేదన్నాడు. అప్పుడు ప్రధాని బండారనాయకే. భారత ప్రధాని పేరు తెలుసుగానీ పలకలేనన్నాడు. నెహ్రూ పేరు ప్రపంచమంతా మోగుతున్న రోజులవి. అయినా సెనేట్ ఆమోదించింది, గ్లక్ కొలంబో వెళ్లాడు, ఏడాది పాటు ఉన్నాడు.

నిక్సన్ కాలంలో ముసుగు పూర్తిగా తొలగింది. రాయబారి కావాలనుకునేవాడు కనీసం రెండున్నర లక్షల డాలర్లు ఇవ్వాలని 1971లో నిక్సన్ తన ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌తో అన్న మాట టేపుల్లో నమోదైంది. 3 లక్షల డాలర్లిచ్చిన రూత్ ఫార్కస్ 1973లో రాయబారిగా వెళ్లింది కూడా లక్సెంబర్గ్‌కే. నిక్సన్ వ్యక్తిగత న్యాయవాది హెర్బర్ట్ కాంబాక్ అంతకుముందే, 1970లో, ట్రినిడాడ్‌లో రాయబారిగా ఉన్న సిమింగ్టన్‌కు లక్ష డాలర్ల విరాళానికి బదులు ఐరోపాలో పదవి ఇప్పిస్తామని మాటిచ్చాడు. ఆ పదవి ఆయనకు రానేలేదు. కాంబాక్ 1974 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకొని 191 రోజులు జైల్లో ఉన్నాడు.

ఈ కేసు అసలు గీత ఎక్కడుందో చూపించింది. డబ్బు ఇచ్చినవాడికి పదవి ఇవ్వడం నేరం కాదు. ఇస్తాననే మాటను డబ్బుకు ముడిపెట్టడం నేరం. అప్పటి నుంచి ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఎవరూ ఏమీ అడగకూడదు, ఎవరూ ఏమీ ఇస్తాననకూడదు. గెలిచాక "నాకు సేవ చేయాలని ఉంది" అని కబురు పంపితే చాలు.

నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో ఎన్నికల నిధుల చట్టానికి వచ్చిన సవరణలు ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇవ్వగలిగేది వెయ్యి డాలర్లకు కట్టేశాయి. దాంతో ఒక్కడే 3 లక్షలిచ్చే రోజులు పోయాయి. పెద్ద చెక్కు రాయగలవాడి కన్నా వందమంది చేత చిన్న చెక్కులు రాయించగలవాడికి విలువ పెరిగింది. వాళ్లనే బండ్లర్లు అంటారు. చెక్కులన్నీ ఒక కట్టగా తెచ్చి ఇచ్చేవాళ్లని. 2000లో జార్జ్ బుష్ ప్రచారం దీన్ని ఒక శాస్త్రంగా చేసింది. ప్రతి సేకర్తకూ ఒక నంబరు ఇచ్చి, ఆయన తెప్పించిన ప్రతి చెక్కు మీద ఆ నంబరు రాయించింది. లక్ష దాటిస్తే "పయొనీర్" హోదా. 2004లో 2 లక్షలకు "రేంజర్" హోదా చేర్చారు.

లెక్క ఎలా ఉంటుందో 2024 ఎన్నికతో చూద్దాం. పరిమితి ఒక్కో ఎన్నికకు 3,300 డాలర్లు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీకి, తుది ఎన్నికకు వేర్వేరుగా లెక్క కాబట్టి మనిషికి 6,600, దంపతులకు 13,200. ఈ దారిలో పది లక్షల డాలర్లు తేవాలంటే 76 జంటలు పూర్తి పరిమితి దాకా ఇవ్వాలి. అందుకే బండ్లర్‌కు కావలసింది డబ్బు ఒక్కటే కాదు. ఫోన్ ఎత్తే పరిచయస్థులు, విందు ఇవ్వగల ఇల్లు, మొహమాటం లేకుండా అడిగే నోరు కావాలి. ఇక్కడ పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కానివాళ్లు, అంటే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లతో సహా, విరాళం ఇవ్వకూడదు. రెండోది, ఉద్యోగుల చేతో బంధువుల చేతో చెక్కులు రాయించి తర్వాత ఆ డబ్బు తిరిగి ఇచ్చేయడం. ఇది ఫెడరల్ నేరం. ప్రవాస భారతీయ వ్యాపారులు కూడా ఇందులో చిక్కుకుని కోర్టులో నేరం ఒప్పుకున్న సందర్భాలున్నాయి.

పరిమితి లేని దారులు కూడా పుట్టుకొచ్చాయి. ప్రమాణ స్వీకార వేడుకల కమిటీకి వ్యక్తులు ఎంతైనా ఇవ్వొచ్చు. 2010 కోర్టు తీర్పుల తర్వాత సూపర్ ప్యాక్‌లకు, అంటే అభ్యర్థికి నేరుగా డబ్బివ్వకుండా విడిగా ప్రచారం చేసే కమిటీలకు కూడా అంతే. బండ్లర్ల జాబితా బయటపెట్టాలన్న నిబంధన మాత్రం వాళ్లలో లాబీయిస్టులకే, అంటే ప్రభుత్వం దగ్గర పైరవీ చేయడమే వృత్తిగా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ఒబామా తనంతట తానుగా ప్రకటించాడు, ట్రంప్ ప్రకటించలేదు. కాబట్టి ఎవరు ఎంత తెచ్చిపెట్టారన్నది ఇవాళ బయటివాళ్లకు సగమే తెలుస్తుంది.

నిధుల సేకరణ నుంచి రాయబార పదవికి వెళ్లినవాళ్లలో అందరికన్నా పెద్ద జీవితం పమేలా హారిమన్‌ది. 1920లో ఇంగ్లండ్‌లో పుట్టింది. మొదటి భర్త రాండాల్ఫ్ చర్చిల్, అంటే విన్‌స్టన్ చర్చిల్ కొడుకు. 1971లో దౌత్యవేత్త, సంపన్నుడు ఏవెరెల్ హారిమన్‌ను పెళ్లాడి అదే ఏడాది అమెరికా పౌరసత్వం తీసుకుంది. 1980లో రీగన్ గెలిచి, సెనేట్ కూడా చేజారి, డెమొక్రాట్లు చతికిలపడ్డప్పుడు ఆమె "డెమొక్రాట్స్ ఫర్ ది ఎయిటీస్" అనే కమిటీ పెట్టింది. విలేకరులు దాన్ని "పామ్‌ప్యాక్" అనేవారు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో ఆమె ఇంట్లో, వాన్ గో వేసిన తెల్ల గులాబీల చిత్రం వేలాడే గదిలో, విందులు జరిగేవి. మనిషికి వెయ్యి డాలర్లు. తిని వెళ్లిపోవడం కాదు. ఒక్కో రాత్రికి ఒక్కో అంశం, దాని మీద మాట్లాడే నిపుణుడు, తర్వాత చర్చ. పదేళ్లలో పార్టీకి దాదాపు కోటీ ఇరవై లక్షల డాలర్లు సమకూరాయి. కమిటీ బోర్డులో ఆమె తొలినాళ్లలోనే చేర్చుకున్నవాళ్లలో, అప్పుడే అర్కన్సా గవర్నర్ పదవి ఓడిపోయిన బిల్ క్లింటన్ అనే యువకుడు ఉన్నాడు.

1993లో క్లింటన్ ఆమెను పారిస్ పంపాడు. చందాలకు దక్కిన బహుమానమన్నవాళ్లు చాలామందే, అది అబద్ధమూ కాదు. కానీ ఆమె ఆ పదవికి ఏం తెచ్చిందో చూడాలి. ఫ్రెంచి బాగా వచ్చు. అర్ధరాత్రి అయినా అధ్యక్షుడికి ఫోన్ చేయగలదన్న నమ్మకం ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఉండేది. కెరీర్ రాయబారుల్లో చాలామందికి లేనిది అదే. పక్కన రాయబార కార్యాలయంలో రెండో స్థానంలో ఏవిస్ బోలెన్ వంటి ఆరితేరిన కెరీర్ అధికారి ఉండేది. 1995 మొదట్లో అమెరికన్లు గూఢచర్యం చేస్తున్నారని ఫ్రాన్స్ ఆరోపించి కొందరిని వెనక్కి పిలిపించుకొమ్మన్నప్పుడు ఆ గొడవను భరించింది ఆమే. బోస్నియా యుద్ధం మీద ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్‌కూ క్లింటన్‌కూ మధ్య నడిచిన సంప్రదింపుల్లో ఆమె ఉంది. ఆ యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందం మీద లాంఛనంగా సంతకాలు జరిగింది 1995 డిసెంబరులో పారిస్‌లోనే. 1997 ఫిబ్రవరిలో పదవిలో ఉండగానే, ఈత కొట్టబోయి మెదడులో రక్తస్రావంతో కుప్పకూలి చనిపోయింది. ఫ్రాన్స్ ఆమెకు లీజన్ ఆఫ్ ఆనర్‌లో అత్యున్నత శ్రేణి పతకం ఇచ్చింది. చందాలు అడగడంలో పదును తేలిన నైపుణ్యాలు, అంటే ఎవరికి ఏం కావాలో పసిగట్టడం, ఒకరినొకరు పలకరించుకోనివాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం, దౌత్యంలో అక్కరకు వస్తాయని ఆమె చూపించింది. ఆ మాట ఒప్పుకోకుండా ఈ పద్ధతిని తిట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం.

పేరు ఖరారయ్యాక నడిచే తంతు పొడవైనది. వైట్‌హౌస్ సిబ్బంది విభాగం ఎంపిక, ఎఫ్‌బీఐ నేపథ్య విచారణ, ఆస్తుల ప్రకటన, హితవైరుధ్యం ఉన్న వాటాలు అమ్ముతానన్న ఒప్పందం. తర్వాత వెళ్లబోయే దేశాన్ని గుట్టుగా సమ్మతి అడగాలి. అది వచ్చాకే పేరు సెనేట్‌కు వెళుతుంది. గత నాలుగేళ్లలో తానూ, జీవిత భాగస్వామీ, పిల్లలూ, తల్లిదండ్రులూ, తోబుట్టువులూ ఇచ్చిన రాజకీయ విరాళాల పట్టిక ఇవ్వాలి. ఈ మనిషికి ఎందుకు యోగ్యత ఉందో చెప్పే నివేదికను అధ్యక్షుడు విదేశాంగ కమిటీకి పంపాలి. ఆపై బహిరంగ విచారణ, కమిటీ ఓటు, సభలో ఓటు. ఒక్క సెనేటర్ అడ్డు చెప్పినా నెలల తరబడి ఆగిపోవచ్చు. కొత్త రాయబారులకు ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో కొద్ది వారాల శిక్షణ ఉంటుంది. ముప్పై ఏళ్ల అనుభవానికి అది బదులు కాదు.

ఈ దారిలో పడిపోయినవాళ్ల కథలు చూస్తే కారణాలు వేర్వేరు. 2014 జనవరిలో నార్వేకు ప్రతిపాదితుడైన హోటల్ వ్యాపారి, ఒబామా బండ్లర్ జార్జ్ ట్సూనిస్ విచారణలో ఆ దేశపు "అధ్యక్షుడి" గురించి మాట్లాడాడు. నార్వేలో ఉన్నది రాజు. పాలక కూటమిలో ఉన్న పార్టీని అంచున ఉన్న శక్తిగా వర్ణించాడు. ఆ ఏడాది చివర పేరు ఉపసంహరించుకున్నాడు. చివరికి మరొకరు వచ్చేసరికి నార్వే రాజధాని ఓస్లోలో రాయబారి కుర్చీ రెండేళ్లకు పైగా ఖాళీగా ఉండిపోయింది. అదే ట్సూనిస్‌ను 2022లో గ్రీస్ పంపితే ఇబ్బంది రాలేదు. ఆయన గ్రీకు సంతతివాడు, భాష వచ్చు. 304వ సెక్షన్ అడిగింది సరిగ్గా ఇదే.

లక్సెంబర్గ్‌లో తేడా వచ్చింది నిర్వహణలో. ఒబామా సేకర్త సింథియా స్ట్రూమ్ ఏడాదిలోపే సిబ్బందిని ఎంత బెదరగొట్టిందంటే, కొందరు అక్కడి నుంచి బయటపడేందుకు కాబూల్, బాగ్దాద్ బదిలీలకు సిద్ధపడ్డారని స్టేట్ డిపార్ట్‌మెంట్ తనిఖీ నివేదిక రాసింది. 2011 ఫిబ్రవరిలో ఆ నివేదిక బయటికి రాకముందే ఆమె రాజీనామా చేసింది. చిన్న కార్యాలయం కాబట్టి పెద్దగా నష్టం ఉండదనుకోవడం తప్పు. పదిమంది అధికారులున్న చోట ఒక్క దురుసు మనిషి మొత్తం పని ఆపేయగలడు.

గోర్డన్ సాండ్‌లండ్ సంగతి ఇంకో రకం. ట్రంప్ ప్రమాణ స్వీకార కమిటీకి నాలుగు కంపెనీల పేర్ల మీద పది లక్షల డాలర్లిచ్చి, 2018లో ఐరోపా సమాఖ్యకు రాయబారి అయ్యాడు. సమాఖ్యలో లేని ఉక్రెయిన్ వ్యవహారాల్లో తలదూర్చాడు. 2019 నవంబరులో ట్రంప్ మీద అభిశంసన విచారణలో సాక్ష్యం చెప్పాడు, మరుసటి ఫిబ్రవరిలో పదవి పోయింది. అధ్యక్షుడికి దగ్గరితనమే హారిమన్‌కు బలమైతే, సాండ్‌లండ్‌ను ముంచింది కూడా అదే.

మన హైదరాబాద్‌లో పుట్టిన వినయ్ తుమ్మలపల్లి పేరు కూడా ఈ జాబితాలోదే. కాలేజీ రోజుల నుంచి ఒబామా మిత్రుడు, కొలరాడోలో ఆప్టికల్ డిస్కులు తయారుచేసే కంపెనీ నడిపాడు, 2008 ప్రచారంలో జాతీయ ఆర్థిక కమిటీలో ఉన్నాడు. 2009లో బెలీజ్ రాయబారి అయ్యాడు. ఆ స్థాయికి చేరిన తొలి భారత సంతతి వ్యక్తి ఆయనే. 2013 దాకా అక్కడ పనిచేసి, తర్వాత అమెరికాకు విదేశీ పెట్టుబడులు రప్పించే సెలెక్ట్ యూఎస్ఏను నడిపాడు.

దామాషా చూస్తే, దశాబ్దాలుగా రాయబారుల్లో సుమారు 30 శాతం రాజకీయ నియామకాలు, 70 శాతం కెరీర్ వాళ్లు. ట్రంప్ మొదటి దఫాలో రాజకీయ వాటా 44 శాతం దాకా పోయింది, రెండో దఫాలో ఇంకా పెరిగింది. రాజకీయ నియామకాలన్నీ చందాలవి కావు. ఢిల్లీకి గాల్‌బ్రెయిత్, మొయినిహన్ వంటి పండితులు వచ్చింది ఆ కోటాలోనే. 2025 అక్టోబరులో ఢిల్లీ రాయబారిగా సెనేట్ ఆమోదం పొందిన సెర్జియో గోర్ అంతకుముందు వైట్‌హౌస్ నియామకాల విభాగం అధిపతి. 2024 ఎన్నికల్లో ట్రంప్ కోసం పనిచేసిన సూపర్ ప్యాక్ నడిపినవాడు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా కిటికీ వెనక కూర్చునేది ఎప్పట్లాగే కెరీర్ అధికారులు. అక్కడి నిర్ణయాల మీద రాయబారి ఎవరన్నదాని ప్రభావం తక్కువ. వాణిజ్య సుంకాలు, రక్షణ కొనుగోళ్ల వంటి చోట మాత్రం అధ్యక్షుడి చెవిలో మాట వేయగలవాడు ఢిల్లీలో ఉండటం ఎటైనా తేడా తెస్తుంది.