పెళ్లి వీడియోలోకి ‘రా’ ఎందుకంత ఆలస్యంగా వచ్చింది?

తిరుపతిలో పెళ్లిళ్ల సీజన్ మొదలైతే కల్యాణ మండపాలకు తీరిక ఉండదు. వాటి వెంట తిరిగే వీడియో కుర్రాళ్లకు అసలే ఉండదు. ఈమధ్య కెమెరా మార్చాలనుకునేవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "బాడీలో ఇంటర్నల్ రా ఉందా?" సెన్సార్ పట్టిన వెలుతురును ఉన్నదున్నట్టు కెమెరా లోపలే రికార్డు చేసుకుంటుందా అని దానర్థం. ఫొటోల్లో ఇరవై ఏళ్లుగా ఉన్న ఈ సౌకర్యం వీడియోలోకి నిన్నమొన్నటిదాకా ఎందుకు రాలేదంటే, "అప్పటికి టెక్నాలజీ లేదు" అనేస్తుంటారు. అది సగమే నిజం. మిగతా సగం అమెరికా పేటెంట్ ఆఫీసులో ఉంది.

ముందు దీంతో పని ఎక్కడ పడుతుందో చూద్దాం. తెల్లవారుజాము ముహూర్తం. పీటల వెనక ఎల్ఈడీ వాల్ నీలంగా వెలుగుతుంటుంది, పైనుంచి ఫోకస్ లైట్లు పసుపు కుమ్మరిస్తుంటాయి, మధ్యలో హోమం పొగ. మామూలు వీడియోలో కెమెరా అక్కడికక్కడే రంగులు తేల్చేసి, ఫైలును కుదించి కార్డులో పడేస్తుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటు) తప్పిందా, తలంబ్రాలు నారింజ రంగుకు తిరుగుతాయి, పెళ్లికూతురి ఒక చెంప నీలంగా ఉండిపోతుంది. మిక్సింగ్‌లో కూర్చున్నవాడు ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. రా ఫైల్లో సెన్సార్ మీద పడ్డ వెలుతురు అంకెలుగా ఉన్నదున్నట్టు ఉంటుంది. రంగు సంగతి తర్వాత ఎడిటింగ్‌లో తేల్చుకోవచ్చు. రెండు రకాల లైటు కలిసిపోతే రా కూడా మంత్రమేమీ వెయ్యదు గానీ, సర్దుకోవడానికి చోటు మాత్రం చాలా ఇస్తుంది.

స్టిల్ ఫొటోలకు ఇది కొత్త కాదు. 2004లో వచ్చిన నికాన్ డీ70లోనే ఉంది. వీడియోకి వచ్చేసరికి లెక్క భయపెడుతుంది. 4కే ఫ్రేము (అడ్డంగా సుమారు నాలుగు వేల పిక్సెళ్లు), ఒక్కో పిక్సెల్‌కు 12 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు. కుదించకుండా దాస్తే సెకనుకు సుమారు 318 ఎంబీ, నిమిషానికి 19 జీబీ. 64 జీబీ కార్డు మూడు నిమిషాల చిల్లరకే నిండిపోతుంది. మూడు ముళ్లు పడతాయేమో, తలంబ్రాల దాకా రాదు. కాబట్టి కుదించక తప్పదు, అదీ కంటికి తేడా తెలియకుండా. పేటెంట్ పడింది సరిగ్గా ఆ మెట్టు మీదే.

అసలు రా అంటూ ఒకటి ఉండటానికి కారణం ఇంకో పేటెంట్. సెన్సార్‌కు రంగులు తెలియవు, వెలుతురు ఎంత పడిందో మాత్రమే తెలుసు. కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ సెన్సార్ గడుల మీద రంగు ఫిల్టర్లు పరిచే పద్ధతి కనిపెట్టారు. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కన్ను సూక్ష్మమైన వివరాలను ఎక్కువగా ఆకుపచ్చలోనే పట్టుకుంటుంది కాబట్టి దానికి రెండు గడులు. ఒక్కో గడిలో లేని మిగతా రెండు రంగులను పక్క గడుల్ని చూసి కెమెరా అంచనా కడుతుంది. ఆ అంచనాకు ముందు ఉండేదే రా. బేయర్ పేటెంట్ 1976 జులై 20న మంజూరైంది. అప్పటి అమెరికా చట్టంలో గడువు మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు. అంటే 1993కి తీరిపోయింది. డిజిటల్ కెమెరాలు జనం చేతికి వచ్చేనాటికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పోయింది. ఈరోజు మీ ఫోన్లో ఉన్నదీ చాలామటుకు ఆ పద్ధతే.

అదే కోడాక్‌లో 1975లో స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా నమూనా తయారుచేశారు. పది వేల పిక్సెళ్ల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 1978లో దానికీ పేటెంట్ వచ్చింది. మరీ ముందు పుట్టిన ఆలోచన పేటెంట్ యజమానికి పెద్దగా కలిసిరాదు.

రెడ్ కంపెనీ సరైన సమయానికి వచ్చింది. ఓక్లీ కళ్లద్దాల కంపెనీ పెట్టిన జిమ్ జన్నార్డ్ స్థాపించిన సంస్థ ఇది. 2007లో రెడ్ వన్ అనే 4కే కెమెరాను 17,500 డాలర్లకు అమ్మకానికి తెచ్చింది. లెన్సు ఖర్చు వేరే. జన్నార్డ్, గ్రేమ్ నాట్రెస్ పేర్ల మీద ఆ ఏడాదే మొదటి తాత్కాలిక దరఖాస్తు, 2008లో పూర్తి దరఖాస్తు వెళ్లాయి, 2010లో పేటెంట్ చేతికొచ్చింది. సారాంశం ఇది: కనీసం 2కే స్థాయిలో, సెకనుకు కనీసం 23 ఫ్రేముల వేగంతో, కంటికి నష్టం కనిపించనంతగా రా వీడియోను కెమెరాలోనే కుదించి దాచడం.

ఎంత వెడల్పుగా గీశారో చూడండి. ఫలానా చిప్పు, ఫలానా సూత్రం అని కాదు, దాదాపు ఆ పని మొత్తానికీ కంచె. అలిపిరి టోల్‌గేట్ లాంటిది. కారు మీదే, పెట్రోలు మీదే, పైకి వెళ్లాలంటే మాత్రం అక్కడ ఆగాల్సిందే. కొందరు శ్రీవారి మెట్టు వైపు తిరిగారు. బ్లాక్‌మ్యాజిక్ తన కెమెరాల్లో అప్పటిదాకా వాడిన సినిమా డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌ను పక్కనపెట్టి, అంచనా కట్టే పనిలో కొంత కెమెరాలోనే ముగించే సొంత రా ఫార్మాట్‌ను 2018లో తెచ్చింది. మిగతావాళ్లలో చాలామంది హెచ్‌డీఎంఐ తీగలోంచి రా బయటికి పంపి, పైన బిగించిన రికార్డర్‌కు అప్పగించారు. మండపంలో ఆ అవతారం చూసే ఉంటారు: కెమెరా నెత్తిన అటోమోస్ డబ్బా, దానికో బ్యాటరీ, వేలాడే తీగ. అత్తయ్యగారి కొంగు తగిలి తీగ ఊడితే ఆ షాట్ పోయినట్టే. కెనాన్ 2020లో ఆర్5 బాడీలోనే 8కే రా ఇచ్చింది. అదే ఏడాది రెడ్ తన కొమోడో కెమెరాకు కెనాన్ లెన్సులు బిగించే ఆర్ఎఫ్ మౌంట్ పెట్టుకుంది. రెండూ ఒకే ఏడాది జరగడం గమనించదగ్గ విషయం.

ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 2019లో యాపిల్ ఈ వరసలోని రెడ్ పేటెంట్‌ను అమెరికా పేటెంట్ ఆఫీసు బోర్డులోనే సవాలు చేసింది. పాత ఆవిష్కరణలను కలిపితే ఎవరికైనా తట్టేదే ఇది, కొత్తదనం ఏముందన్నది వాదన. నవంబరులో బోర్డు దాన్ని విచారణకే తీసుకోలేదు. నాకైతే ఆ వాదనలో బలం ఉందనే అనిపిస్తుంది. 4కే సినిమా కెమెరాను ఆ ధరకు తెచ్చి చూపించిన ఘనత రెడ్‌దే, అందులో సందేహం లేదు. కానీ కెమెరా తయారుచేసినందుకు దక్కాల్సిన ఫలం వేరు, అందరూ నడవక తప్పని దారిని పదేళ్లకు పైగా మూసి ఉంచడం వేరు.

ఈ తరహా పేచీ సినిమాకు పుట్టుకతోనే వచ్చింది. రీళ్ల కాలంలో తిరుపతి థియేటర్లలో పనిచేసిన పాత ఆపరేటర్లను అడగండి. ప్రొజెక్టర్లో ఫిల్మ్ ఎక్కించేటప్పుడు గేటుకు (బొమ్మ మీద వెలుతురు పడే సందుకు) పైనా కిందా కాస్త వదులుగా లూప్ వదలాలి, లేకపోతే గుంజుకుని రీలు తెగుతుంది. చేతి అలవాటుగా చేసే ఆ పనికి కూడా పేటెంట్ ఉండేది. 1902లో వుడ్‌విల్ లాథమ్ పేరిట మంజూరైంది. దాన్నీ, ఎడిసన్ కెమెరా పేటెంట్లనూ కలిపి 1908 చివర్లో మోషన్ పిక్చర్ పేటెంట్స్ కంపెనీ అనే కూటమి పుట్టింది. ఫీజు కట్టనివాడు సినిమా తియ్యకూడదు, కట్టనివాడు ఆడించకూడదు. ముడి ఫిల్మ్ సరఫరా కూడా ఈస్ట్‌మన్ కోడాక్‌తో ఒప్పందం చేసుకుని గుప్పిట్లో పెట్టుకున్నారు. నిర్మాతల్లో కొందరు న్యూయార్క్ చుట్టుపక్కల వదిలి కాలిఫోర్నియా దారి పట్టడానికి వాతావరణంతో పాటు ఈ వేధింపూ ఒక కారణం. 1912లో లాథమ్ పేటెంట్ కోర్టులో నిలవలేదు. ప్రొజెక్టర్ మీద పేటెంట్ ఉన్నంత మాత్రాన అందులో ఎవరి సినిమా ఆడించాలో శాసించే హక్కు లేదని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకేం సంబంధం అనొచ్చు. చట్టప్రకారం అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది. మన దగ్గర చెల్లాలంటే 1970 పేటెంట్ల చట్టం కింద ఇక్కడ విడిగా తీసుకోవాలి. మన రాష్ట్రానికి ఆ పని చూసేది చెన్నై ఆఫీసు. కానీ కెమెరా కంపెనీ తిరుపతికి ఒక బాడీ, న్యూయార్క్‌కు ఒక బాడీ చెయ్యదు కదా. అక్కడ కేసు పడుతుందని తీసేసిన ఫీచర్ ఇక్కడి షాపులోని డబ్బాలోనూ ఉండదు.

ముడి విప్పింది కోర్టు కాదు, డబ్బు. 2022 ఏప్రిల్‌లో నికాన్ జెడ్9 కెమెరాకు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి లోపలే 8కే రా తెరిచింది. మే నెలలో రెడ్ కేసు వేసింది. అసలు ఆ పేటెంట్లే చెల్లవని నికాన్ జవాబు. 2023 ఏప్రిల్‌లో తీర్పేమీ లేకుండానే కేసు ముగిసింది. ఏడాది తిరిగేసరికి, 2024 ఏప్రిల్‌లో, నికాన్ ఏకంగా రెడ్‌నే కొనేసింది. కేసు వేసినవాడి ఇల్లే కొనుక్కోవడం మన ఊళ్లోనూ జరిగేదే అనుకోండి. ఆ జూన్‌లో ప్రకటించిన పానాసోనిక్ జీహెచ్7 లోపలే ప్రోరెస్ రా అనే ఫార్మాట్‌లో రికార్డు చేసుకుంటుంది. 2025 సెప్టెంబరులో నికాన్ రెడ్ ఫార్మాట్‌తోనే జెడ్ఆర్ అనే చిన్న సినిమా కెమెరా ప్రకటించింది, అప్పటి ధర సుమారు 2,200 డాలర్లు.

పేటెంట్లు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి, యజమాని మారాడంతే. ఇప్పటి లెక్కలో గడువు పూర్తి దరఖాస్తు నుంచి 20 ఏళ్లు కాబట్టి మొదటిది 2028 ప్రాంతంలో తీరాలి. మన దగ్గర పెళ్లిళ్లలో బాగా తిరిగే సోనీ ఎఫ్ఎక్స్3కి మాత్రం రా కావాలంటే ఇప్పటికీ నెత్తిన డబ్బా, పక్కన తీగ తప్పడం లేదు.